ఖాళీ హాల్లో ఎవరూ నవ్వరు: మూడు తెరల థియేటర్ ఒకదాని కేసు

ఈ కేసులో కొంత మేలు జరిగింది, మధ్యలో నేనొక తప్పటడుగూ వేశాను. ఆ తప్పటడుగు గురించి చెప్పాలనే రాయడం మొదలుపెట్టాను. థియేటర్ ఎవరిదో గుర్తుపట్టే వీల్లేకుండా సీట్ల లెక్కలు, కాలం, కుటుంబ వివరాలు కాస్త మార్చాను. ఏది తర్వాత ఏది జరిగింది, ఎందుకలా నిర్ణయించాం అన్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నా గురించి ఒక ముక్క. ప్రొజెక్టర్లు, సౌండ్ బిగించే పనితో ఈ రంగంలోకి వచ్చాను. రీళ్ల డబ్బాలు పోయి హార్డ్ డిస్కులు వచ్చిన రోజుల్లో హాళ్లను డిజిటల్‌కి మార్చడమే నా పని. తర్వాత మెల్లగా హాళ్ల నడక మీద సలహాలిచ్చే పనిలోకి జారాను. ఈ పూర్వాశ్రమం సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు అడ్డం వస్తుంది.

నేపథ్యం

ఒకే కుటుంబం చేతిలో ఉన్న థియేటర్. మూడు హాళ్లు: పెద్దది 410 సీట్లు, నడిమిది 230, చిన్నది 120. యజమానికి అరవై దాటాయి, హాలు ఆయన తండ్రి కట్టించింది. బుకింగ్, లెక్కలు కూతురు చూస్తుంది. ప్రొజెక్షన్ రూమ్‌లో ఉన్న ఆపరేటర్ రీళ్ల కాలం నుంచీ అక్కడే. ప్రొజెక్టర్లన్నీ జినాన్ ల్యాంపువి, వయసు పదేళ్లు దాటింది.

2020లో అందరిలాగే మూసేశారు, మళ్లీ తెరిచారు. పెద్ద సినిమా వస్తే శుక్ర, శని, ఆదివారాలు బాగానే నడిచేవి. సోమవారం నుంచి హాలు బావురుమనేది. చిన్న సినిమాలకైతే మొదటి రోజే జనం లేరు.

నన్ను పిలిచేసరికి యజమాని రోగమూ తేల్చేశారు, మందూ రాసేసుకున్నారు. "ఓటీటీ తినేసిందండీ. ఇంట్లో సోఫా ఉంది, పెద్ద టీవీ ఉంది. ఇక్కడికెందుకొస్తారు? మనమూ సోఫాలు వెయ్యాలి, రేటు తగ్గించాలి. అప్పటికీ కాకపోతే ఒక హాలు మూసెయ్యాలి." అప్పటికే రిక్లైనర్ల (వెనక్కి వాలే సోఫా కుర్చీల) కొటేషన్ ఆయన సొరుగులో ఉంది.

ఆయన చెప్పినదాంట్లో నిజముంది. టికెట్ డబ్బులో డిస్ట్రిబ్యూటర్ వాటా మామూలుగా మొదటి వారం ఎక్కువ, తర్వాత వారాల్లో తగ్గుతూ వస్తుంది. హాలువాడికి చేతిలో నాలుగు డబ్బులు మిగిలేది రెండో, మూడో వారాల్లోనూ, క్యాంటీన్‌లోనూ. ఇంటి తెర కొరికింది సరిగ్గా ఆ వారాలనే. అమెరికాలో పెద్ద స్టూడియోల సినిమా హాల్లోంచి ఇంటికి చేరడానికి 2020 దాకా దాదాపు 90 రోజుల ఎడం ఉండేది. ఆ ఏడాది జులైలో యూనివర్సల్ స్టూడియో, హాళ్ల గొలుసు సంస్థ ఏఎంసీ చేసుకున్న ఒప్పందం ఆ స్టూడియో సినిమాలకు దాన్ని 17 రోజులకు దించింది. వార్నర్ బ్రదర్స్ అయితే 2021 సినిమాలన్నీ అక్కడ హాళ్లలో విడుదలైన రోజే తమ ఓటీటీ హెచ్‌బీఓ మ్యాక్స్‌లోనూ పెట్టింది. మరుసటి ఏడాదికి 45 రోజుల దగ్గరికి వెనక్కొచ్చింది గానీ, "కొన్నాళ్లు ఆగితే ఇంటికే వస్తుందిలే" అన్న అలవాటు జనంలో అప్పటికే పడిపోయింది.

అయినా ఓటీటీ అన్నమాటతో లెక్క తేల్చేయడానికి నాకు మనసొప్పలేదు. కారణం చిన్నదే. ఆ మాట నిజమే అయినా దాంతో మనం చెయ్యగలిగింది ఏమీ లేదు. స్టూడియో ఎన్ని రోజులకు సినిమాని ఇంటికి పంపుతుందన్నది మూడు హాళ్ల యజమాని చేతిలో ఉండదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాకూడదంటే, మన చేతిలో ఉన్నవన్నీ చూశాకే దానిమీదికి పోవాలి. పైగా ఇలాంటి చావుకబురు ఈ వ్యాపారానికి కొత్త కాదు. 1950ల్లో టీవీ వచ్చినప్పుడు ఇదే మాటన్నారు. 1952లో సినిరామా, 1953లో సినిమాస్కోప్ అనే వెడల్పు తెర పద్ధతులు ఆ భయంలోంచే పుట్టుకొచ్చాయి. వీసీఆర్ వచ్చినప్పుడూ అన్నారు. ప్రతిసారీ వచ్చే జనం కొంత తగ్గిన మాట వాస్తవం, హాలు మాత్రం పోలేదు. ఈసారి కూడా పోదని హామీ ఇవ్వను. పోయేముందు తన వంతు తప్పులు సరిదిద్దుకుందా లేదా అన్నదొక్కటే నేను చూడగలిగింది.

మొదటి రోజు

ఎవరికీ చెప్పకుండా టికెట్ కొనుక్కుని మంగళవారం సాయంత్రం నడిమి హాల్లో కూర్చున్నాను. హాస్య సినిమా. 230 సీట్ల హాల్లో నాతో కలిపి తొమ్మిది మందిమి. ముందు రెండు వరుసల అవతల ఒకాయన ఒంటరిగా వచ్చాడు. మొదటి జోక్‌కి గట్టిగా నవ్వాడు. నవ్వి, తన గొంతు తనకే వినబడి, అటూ ఇటూ చూసి, సీట్లో కాస్త కిందికి జారాడు. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా ఆయన మళ్లీ నవ్వలేదు. నిజానికి ఎవరూ నవ్వలేదు.

అది నా నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకుని పేజీ తిప్పేశాను. ఎందుకంటే అదే సమయంలో నా కన్ను తెర మీద పడింది, తెర నల్లగా చచ్చిపోయి ఉంది. ఇక నాకు వేరే ఏదీ కనబడలేదు.

నేను మొదట చేసింది

మర్నాడు వెలుతురు కొలిచే మీటరు పట్టుకెళ్లాను. హాల్లో 2డీ బొమ్మకి తెర మధ్యలో ఉండాల్సిన వెలుతురు 14 ఫుట్ ల్యాంబర్ట్‌లు. నడిమి హాల్లో మధ్యలో 6 చూపించింది, పక్కలకి వెళ్తే 4 కూడా లేదు. ల్యాంపు దాని గంటలు ఎప్పుడో దాటేసింది. అంతకన్నా ఘోరం, 3డీ సినిమాల కోసం లెన్సు ముందు పెట్టే పోలరైజర్‌ని తియ్యలేదు. నెలల తరబడి 2డీ సినిమాలన్నీ దాని గుండానే వేస్తున్నారు, వెలుతురులో పెద్ద భాగం అక్కడే ఆవిరైపోతోంది. తెర కూడా 3డీ కోసం వేసిన వెండి పూత తెర కావడంతో నడుమ కూర్చున్నవాడికి ఓ మోస్తరుగా, పక్కన కూర్చున్నవాడికి మసగ్గా కనబడుతోంది.

సౌండ్ కథ ఇంకా తమాషా. పెద్ద హాల్లో తెర వెనక మధ్య స్పీకర్‌లో పై స్వరాలు పలికే భాగం, డ్రైవర్ అంటారు, అది పోయింది. మాటలన్నీ ఆ స్పీకర్‌లోంచే వస్తాయి కాబట్టి డైలాగులు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టున్నాయి. మాటలు అర్థం కావట్లేదని ఎవరో అంటే సౌండ్ పెంచారు. చెవులు పగులుతున్నాయని ఇంకెవరో అంటే తగ్గించారు. నేను వెళ్లేసరికి సౌండ్ ప్రాసెసర్ మీద 7 దగ్గర ఉండాల్సిన ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే మీట) 4.5 దగ్గర ఉంది, అంటే ఎనిమిది డెసిబెల్స్‌కి పైగా తక్కువ. ఇంట్లో టీవీ చూసేవాడికి డైలాగు అందకపోతే కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుంటాడు. ఇక్కడ పెట్టుకోవడానికి ఏముంది?

నాకు దొరకాల్సింది దొరికిందనుకున్నాను. వాదన చూడటానికి నిక్కంగానే ఉంది: ఇంటికంటే మసకబొమ్మ, ఇంటికంటే బొంగురు గొంతు, దానికి డబ్బు కట్టి మరీ ఎవడొస్తాడు? ల్యాంపులు మార్చాం, పోలరైజర్ తీసి బీరువాలో పెట్టాం, డ్రైవర్ మార్చాం, మూడు హాళ్లకూ సౌండ్ మళ్లీ ట్యూన్ చేశాం. తెర అంచుల్లో నల్ల పరదాలు ఏ బొమ్మకి ఎంత జరపాలో ఆపరేటర్‌తో కూర్చుని రాసిపెట్టాం.

రెండు నెలల తర్వాత ఫిర్యాదుల పుస్తకంలో బొమ్మ గురించి, మాటల గురించి ఒక్క గీత లేదు. టికెట్ల లెక్కలోనూ ఒక్క గీత పైకి లేవలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే తప్పు తేలిగ్గానే కనబడుతుంది. బొమ్మ బాగాలేదని వెళ్లిపోయినవాడికి బొమ్మ బాగుపడిందని ఎలా తెలుస్తుంది? వాడు హాల్లో లేడుగా. ఉన్నవాళ్లు సంతోషపడ్డారు, అంతే. అది చెయ్యక తప్పని పని, ముందు జరగాల్సిన పని కూడా. తర్వాత చేసినవన్నీ నిలబడింది దాని మీదే. కానీ దాన్నే మందు అనుకున్నాను, నా చేతిలో ఉన్నది ఆ మందే కాబట్టి.

యజమాని చేసింది

నేను మొదటి విడత పనిలో ఉండగానే ఆయన సొరుగులోని కొటేషన్ బయటికొచ్చింది. నడిమి హాల్లో రిక్లైనర్లు వేశారు. 230 సీట్లు 98 అయ్యాయి. వద్దని గట్టిగా అనలేదు, నాకూ అప్పటికి స్పష్టత లేదు. ఒక అనుమానం మాత్రం చెప్పాను: సోఫాతో పోటీకి సోఫానే దింపితే, ఎదుటివాడి సోఫాకి అద్దె లేదు కదా అని.

మొదటి ఆరు వారాలు కొత్త మోజుతో జనం వచ్చారు. తర్వాత రెండు సంగతులు బయటపడ్డాయి. పెద్ద సినిమా వచ్చిన శనివారం టికెట్ దొరక్క వెనక్కి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. ఏ రోజుల్లో డబ్బు వస్తుందో ఆ రోజులకే సీట్లు సగానికి పైగా కోసేసుకున్నాం. మిగతా రోజుల్లో ఇదివరకటి పదిహేను మందే వచ్చారు. కాకపోతే ఇప్పుడు వెడల్పాటి కుర్చీల్లో, ఒకరికొకరు ఇంకా దూరంగా.

తర్వాత సోమవారం నుంచి గురువారం దాకా సగం రేటు పెట్టారు. జనం పెరిగారు. కూతురు లెక్క విప్పి చూస్తే, ఆదివారం వచ్చేవాళ్లలో కొంతమంది సోమవారానికి జరిగారు. మొత్తం తలకాయలు దాదాపు అవే, డబ్బు తగ్గింది. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

నెలవారీ పాస్ సంగతీ చర్చకు వచ్చింది. ఇక్కడ మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. అమెరికాలో మూవీపాస్ అనే కంపెనీ 2017లో నెలకు పది డాలర్ల లోపే రోజుకో సినిమా అని ఇచ్చి, హాళ్లకు మాత్రం టికెట్ డబ్బు తన జేబులోంచి కట్టి, 2019లో మూతపడింది. ఫ్రాన్స్‌లో యూజీసీ అనే హాళ్ల గొలుసు సంస్థ 2000లోనే పాస్ పెట్టింది, 2018లో ఏఎంసీ కూడా పెట్టింది. అవి నిలబడ్డాయి. ఆ ఖాళీ సీట్లు వాళ్లవే, చూడ్డానికి వారం వారం బోలెడు సినిమాలూ ఉంటాయి. మూడు తెరలున్నచోట పాస్ కొన్నవాడు పది రోజుల్లో ఉన్నవన్నీ చూసేస్తాడు. నెల తిరిగేసరికి డబ్బు దండగైందనుకుంటాడు. మనమీద అభిమానం ఉన్నవాణ్ణి మనమే చేజేతులా విసిగించుకున్నట్టవుతుంది.

మలుపు

మూడో హాలు మూసేద్దామా అన్న మాట దగ్గర మళ్లీ కూర్చున్నాం. నేను ఒక పని అడిగాను: మానేసినవాళ్లతో మాట్లాడదాం. పాత బుకింగుల్లో ఫోన్ నంబర్లిచ్చి, సమాచారం పంపమని ఒప్పుకున్నవాళ్లున్నారు. అంతకుముందు తరచూ వచ్చి ఏడాదిగా రానివాళ్లకి కూతురు, నేను పంచుకుని ఫోన్లు చేశాం. నలభై మంది దాకా మాట్లాడారు.

అడిగే ప్రశ్న గురించి చాలాసేపు వాదులాడుకున్నాం. "ఎందుకు రావట్లేదు?" అని అడగాలని ఆమె అంది. నేనొద్దన్నాను. అలా అడిగితే జనం పేపర్లో చదివింది చెబుతారు: ఓటీటీ, రేట్లు, తీరిక లేదు. అది అబద్ధం కాదు, కానీ వాళ్లదీ కాదు. చివరికి ఇలా అడిగాం: "ఆఖరిసారి మా హాలుకొచ్చిన రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్తారా?"

ఒకరిద్దరు తప్ప ఎవరూ టీవీ ఊసెత్తలేదు. చాలామంది చెప్పిన కథ దాదాపు ఒకటే. "వెళ్లేసరికి షో లేదన్నారు." జనం చాలక షో రద్దు చేయడం మామూలైపోయింది. "మేం ఇద్దరం, వెనకాల ఒకళ్లు. ఏదో మాదిరిగా అనిపించింది." "ఏడింటి షో అన్నారు, ప్రకటనలూ ట్రైలర్లూ అయ్యేసరికి ఏడున్నర." ఒకావిడ అన్నమాట నాకిప్పటికీ చెవిలో ఉంది: "అంత పెద్ద హాల్లో మేమిద్దరమే కూర్చుంటే, ఇల్లే నయమండీ, ఇంట్లో కనీసం మాట్లాడుకోవచ్చు."

అప్పుడు నోటు పుస్తకం వెనక్కి తిప్పాను. జోక్‌కి నవ్వి కిందికి జారిన మనిషి.

ఇంటికి పెద్ద తెర వచ్చింది, మంచి సౌండ్ వచ్చింది, పడుకుని చూసే సోఫా ఉంది. ఇంటికి రానిది ముక్కూమొహం తెలియని నూటేభై మంది. వాళ్లు నవ్వితే మనం నవ్వుతాం, వాళ్లు ఊపిరి బిగపడితే మనమూ బిగపడతాం. తొమ్మిది మంది ఉన్న హాలుకి అది లేదు. అంటే ఖాళీ హాల్లో మేం అమ్ముతున్నది ఇంటికంటే తక్కువ సరుకు. ఆ ఖాళీని పోగేస్తున్నదీ మేమే. రోజుకి మూడు హాళ్లలో ఐదేసి షోలు, పదిహేను. వచ్చే కాసిని జనాన్ని పదిహేను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఖాళీ హాలు చూపిస్తున్నాం. చూసినవాడు మళ్లీ రాడు. దాంతో ముక్క ఇంకా చిన్నదవుతుంది, షో రద్దవుతుంది, రద్దయిందని తెలిసి ఇంకొకడు బయల్దేరడం మానేస్తాడు.

కూతురు అదే ఊపులో బుకింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు తెరిచింది. వారం మధ్యలో షోలకి వాడే టెంప్లేట్‌లో ఒక గడికి టిక్కు పెట్టి ఉంది: ప్రతి బుకింగ్‌కీ అటొక సీటు ఇటొక సీటు వదిలెయ్యి. 2020లో మనుషుల మధ్య దూరం కోసం పెట్టింది. వారాంతాలకి తీసేసి వేరే టెంప్లేట్ చేసుకున్నారు, మిగతా రోజులకి తియ్యడం ఎవరికీ తట్టలేదు. ఏళ్ల తరబడి ఆ యంత్రం, ఉన్న ఇరవై మందినీ జాగ్రత్తగా ఒకరికొకరిని దూరంగా విడగొట్టి కూర్చోబెడుతోంది. ఆమె ఆ టిక్కు తీసేసి కాసేపు స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయింది. నేనూ ఏమీ అనలేదు. ప్రొజెక్టర్ ముందు పోలరైజర్ తియ్యడం మర్చిపోయారని నేను వేలెత్తి చూపించిన మనుషులే వీళ్లు, ఇదీ అలాంటిదే. నా మీటరు దీన్ని పట్టుకోలేదు.

మార్చింది

వారం మధ్యలో షోలు పదిహేను నుంచి ఏడుకి తగ్గించాలన్నాను. యజమాని భయపడ్డారు, ఆ భయం సబబే. "షోలు తగ్గిస్తే దుకాణం కట్టేస్తున్నారనుకుంటారు." డిస్ట్రిబ్యూటర్లతోనూ చిక్కే. కొత్త సినిమా ఇస్తే మొదటి వారాల్లో రోజుకిన్ని షోలు వెయ్యాలనీ, ఆ తెర మీద ఇంకో సినిమా వెయ్యొద్దనీ షరతులుంటాయి. అందుకని మొదటి వారం జోలికి పోలేదు. రెండో వారం నుంచి, అదీ సోమవారం నుంచి గురువారం వరకే అడిగాం. అడిగేటప్పుడు షో వారీ కాగితం ముందు పెట్టాం. మధ్యాహ్నం షోలో నలుగురు, ఆ తర్వాత షోలో ముగ్గురు, రెండుసార్లు రద్దు. ఏడుగురి టికెట్లలో వాటా వాళ్లకూ పెద్దగా ఒరగబెట్టేది లేదు. ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు చూద్దామన్నారు, ఒకరు కుదరదన్నారు. ఒప్పుకున్న సినిమాలతోనే మొదలుపెట్టాం.

మిగిలిన మార్పులు దీనికి తోడు. ఏ సినిమాని ఏ హాల్లో వెయ్యాలో సినిమా హోదాని బట్టి కాకుండా, రాబోయే జనాన్ని బట్టి నిర్ణయించాం: మూడింట రెండు వంతులు నిండే హాలు ఏది? హాస్య సినిమాకి వీలైనంత చిన్న హాలు. సీట్ల పటంలో ముందు నడుమ వరుసలే తెరిచాం, అవి నిండాకే పక్కవి. నలభై మంది ఒక్కచోట కూర్చుంటే జనం, 410 సీట్లలో చెదిరితే దారి తప్పినవాళ్లు. పట్టికలో పెట్టిన షో ఒక్కరు వచ్చినా నడిపి తీరాలన్నది ఇంకో నియమం. మొదటి నెలలో ఇద్దరి కోసం మూడుసార్లు నడిపాం, యజమాని పళ్లు బిగబట్టారు. ప్రకటనలు, ట్రైలర్లు పదిహేను నిమిషాలకు కుదించి, సినిమా అసలు మొదలయ్యే టైమ్ టికెట్ మీదే అచ్చు వేశాం.

సిబ్బందిని తియ్యలేదు. ఏడు షోలకి ఇంతమంది ఎందుకని ఆయనకి అనిపించింది. తీసేస్తే శనివారం ఎవరు చూస్తారని కూతురు అడిగింది, అక్కడితో ఆ మాట ఆగింది.

మొదటి మూడు వారాలు అన్నీ ఇంకా పాడయ్యాయి. తీసేసిన టైముకి అలవాటుపడ్డవాళ్లు పోయారు, కొత్తవాళ్లు రాలేదు. యజమాని రోజూ ఫోన్ చేసేవారు. నాకూ లోపల బెదురుగానే ఉంది, పైకి మాత్రం ఎనిమిది వారాలన్నాం కదా అంటూ వచ్చాను. ముందే గడువు రాసి పెట్టుకోకపోయి ఉంటే నాలుగో వారంలో వెనక్కి తిప్పేసేవాళ్లం. రెండో నెల చివరికి వారం మధ్య షోకి సగటున 20 లోపున్న జనం 45 దాటారు. షోలు సగమయ్యాయి కాబట్టి మొత్తం మీద జనం పెరిగింది స్వల్పమే. కానీ కరెంటు, ల్యాంపు గంటలు సగం. క్యాంటీన్‌లో తలకి అమ్మకం పెరిగింది. వరుస కనబడితేనే వరుసలో నిలబడతారు కాబోలు.

బుధవారం రాత్రి

వారానికొక రాత్రి పాత సినిమా వేద్దామన్నది నా ఆలోచనే. తేదీ కదలకూడదు, పెద్ద హాలు, ఒక్కటే షో. హాళ్లలో ఒక్క పూట కార్యక్రమాలు కొత్తవేం కావు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా 2006 నుంచీ తన ప్రదర్శనల్ని ప్రత్యక్షంగా సినిమా హాళ్లకి పంపుతోంది. ఆ రోజు తప్పితే మళ్లీ లేదు అన్నది ఇంటి తెర చెయ్యలేని పని. అక్కడ ఏదైనా రేపు కూడా ఉంటుంది, అందుకే చూద్దాంలే అని పక్కన పెట్టినవి చాలావరకు అలాగే ఉండిపోతాయి.

మొదటి రెండు సినిమాలు నేను ఎంచాను. మంచి సినిమాలు, పుస్తకాల్లో పేరున్నవి. పదకొండు మంది ఒకసారి, పధ్నాలుగు మంది ఇంకోసారి. మూడోది ఎంచే పని కూతురు ఆపరేటర్‌కి అప్పగించింది. ఆయన ముప్పై ఏళ్లుగా గోడలోని చిన్న కిటికీలోంచి తెరతోపాటు తలకాయల్నీ చూస్తున్న మనిషి. ఏ సినిమాకి జనం చివరి పేర్లు పడుతున్నా లేవకుండా కూర్చున్నారో ఆయనకి గుర్తుంది. ఆయన ఎంచినదానికి 130 మంది వచ్చారు. అప్పట్నుంచి ఆ జాబితా ఆయనదే, నన్నెవరూ అడగరు.

సినిమా తర్వాత చర్చ పెడితే జనం మధ్యలోనే జారుకున్నారు. దాన్ని సినిమాకి ముందు పది నిమిషాల పరిచయంగా మార్చాం. జనానికి మాట్లాడుకోవాలని లేదని కాదు. కుర్చీలో కూర్చుని మైకులో మాట్లాడాలని లేదు. ఒక రాత్రి బయట చూస్తే ఇరవై మంది దాకా వాహనాల దగ్గర చీకట్లో నిలబడి మాట్లాడుకుంటున్నారు. లోపల వరండాలో ఆఖరి షో వదలగానే లైట్లు ఆర్పి షట్టర్ సగం దించడం హాలు మొదలైనప్పట్నుంచీ ఉన్న పద్ధతి. బుధవారాలు ఇంకో అరగంట లైట్లు ఉంచమన్నాం, కాఫీ మెషీన్ ఆపొద్దన్నాం. దీనికైన ఖర్చు ఒక మనిషికి అరగంట అదనపు జీతం.

నేర్చుకున్నవి

"ఇంటికంటే మెరుగ్గా ఉండాలి" అని మొదలుపెడితే ఆలోచన కుర్చీ దగ్గరికీ, బొమ్మ దగ్గరికీ పోతుంది. అవి తప్పనిసరి, అంతకు తగ్గితే హాలు నడపకూడదు. అయితే ఆ పరుగులో ఇల్లు ఎప్పుడూ వెనకే వస్తుంటుంది, ఏటేటా చవగ్గా. ఈ కేసు తర్వాత ఏ హాలుకెళ్లినా మొదట మీటరు తియ్యను. షో వారీ కాగితం అడుగుతాను, మొత్తాలు కాదు. మొత్తం చూస్తే జనం తగ్గారనే కనబడుతుంది. షోలవారీగా చూస్తే వాళ్లని ఎంత పలచగా పూశామో కనబడుతుంది.

మానేసినవాళ్లతో మాట్లాడటం మొదటి వారంలో చెయ్యాల్సింది, నేను ఆరో నెలలో చేశాను. ఈ ఆలస్యం రిక్లైనర్ల ఖర్చంత అయింది.

అన్ని హాళ్లకీ ఇదే మందని చెప్పను. చుట్టుపక్కల పోటీ హాళ్లున్నచోట షో టైములు తగ్గిస్తే జనం పక్కదానికి పోవచ్చు, ఇక్కడ ఆ బెడద తక్కువ. మధ్యరకం బడ్జెట్ కుటుంబ కథలకి జనం ఇక్కడా తిరిగి రాలేదు. అవి ఇంటికే పోయినట్టున్నాయి, వాటిని వెనక్కి తెచ్చే దారి నాకు దొరకలేదు. ఒకేరోజు రెండు పెద్ద సినిమాలు వచ్చి రెండూ నిండిన 2023 జులై 21 లాంటి రోజులు (బార్బీ, ఓపెన్‌హైమర్) యజమాని పదే పదే గుర్తుచేస్తారు. అలాంటి రోజుల మీద ఏడాది లెక్క వేసుకోవద్దని నేను పదే పదే చెబుతాను.

ఇప్పుడు

హాలు 2019 లాభాలకి చేరలేదు. మూసే మాట మాత్రం ఎత్తడం లేదు. మూడో హాలు వారానికి రెండు పూటలు ప్రత్యక్ష ప్రసారాలకి ఇస్తున్నారు. రిక్లైనర్ల హాలు అలాగే ఉంది, సందు తగ్గించి ఇంకో రెండు వరుసలు వెయ్యొచ్చా అని కొలతలు తీస్తున్నారు.

మొన్న యజమాని మళ్లీ పిలిచారు. జినాన్ ప్రొజెక్టర్లకి విడిభాగాలు దొరకడం కష్టమవుతోందట, మూడింటినీ లేజర్‌కి మార్చాలా, పెద్ద హాలుకొక్కదానికే మార్చాలా అని అడిగారు. నా కళ్లు మెరిసి ఉంటాయి. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ముందు మీ అమ్మాయి దగ్గర గత మూడు నెలల షో వారీ కాగితం తెప్పించండి, అది చూశాక మాట్లాడుకుందాం అన్నాను. ఆయన పకపకా నవ్వి సొరుగు తెరిచారు. కాగితం అందులో సిద్ధంగా ఉంది, కొటేషన్ కింద.